గడ్డ యెచ్చట నున్నది?

తెలుగునందు ‘గడ్డ’ యను మాటకు ఉన్నన్ని యర్థములు వేఱొక చిన్న మాటకు ఉండవేమో. వీపున లేచిన కురుపు గడ్డ. నేలలో నూరిన దుంప గడ్డ. పెరుగు గడ్డ, మంచు గడ్డ. మనము పుట్టిన దేశమును గడ్డయే. ప్రాణము తీయు కాన్సరును గడ్డ యనియే యందురు. ఇరువది యేండ్లు కడుపులో నుండి యెవరికిని కీడు చేయక, ముట్లుడిగిన పిమ్మట తనంతట తాను ముడుచుకొనిపోవు కండముద్దను కూడ గడ్డ యనియే యందురు. ఈ చివరిదానికి వైద్యులు ఫైబ్రాయిడని వేఱు పేరు పెట్టిరి. అయినను స్కానింగు కాగితము చేత బట్టుకొని యింటికి వచ్చిన యువతి నోట వెలువడునది ‘గడ్డ యున్నదట’ యను రెండు మాటలే. ఆ రెండు మాటలు గడప దాటుటతోడనే యింటిలో న్యాయస్థానము కొలువుదీరును. ముద్దాయి ఆమె గర్భాశయము. వాదులు చాలమంది. సాక్ష్యము విచారింపకయే తీర్పు వెలువడును.

తీర్పులు సాధారణముగ రెండే. ‘పాడు గడ్డ, తీయించివేయుడు, అది పోయిన గాని కడుపు పండదు’ అనునది యొకటి. ‘కత్తి తగిలిన కడుపున పిల్లలు నిలువరు, ఏ మందో మాకో చూచి కరిగించుకొనుడు’ అనునది రెండవది. మొదటి తీర్పు నిచ్చువారు తాము నవీనులమనుకొందురు. రెండవ తీర్పు నిచ్చువారు తాము అనుభవజ్ఞులమనుకొందురు. ఈ యుభయపక్షముల వారును అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ గడ్డ యెచ్చట నున్నది? ఈ ప్రశ్నకు సమాధానము తెలియనిచో రెండు తీర్పులలో దేనికిని చిల్లిగవ్వ విలువ లేదని యీ వ్యాసమున వాదింపదలచితిని. సమాధానము తెలిసిన పిమ్మట తీర్పు చెప్పు హక్కు ఆ శరీరము గల యామెదే యనియు, దానిని అత్తగారు గాని, భర్త గాని, వైద్యుడు గాని పుచ్చుకొనరాదనియు నా రెండవ వాదము.

మా అనకాపల్లి యిప్పుడు పూర్వపు అనకాపల్లి కాదు. 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి జిల్లా కేంద్రము. బెల్లపు మార్కెట్టుకు దేశమంతట పేరున్న యూరు. ఎన్.టి.ఆర్. పేరిట సర్కారు ఆసుపత్రి యున్నది. వీధివీధిని స్కానింగు కేంద్రములున్నవి. కొంతసేపు ప్రయాణము చేసిన విశాఖపట్టణము. అచ్చట 1923వ సంవత్సరమున వెలసిన వైద్యకళాశాల, దానిని ఆనుకొని కింగ్ జార్జి ఆసుపత్రి, నేటికిని జనులు ఘోషాసుపత్రి యని పిలుచు విక్టోరియా స్త్రీల ఆసుపత్రి. కావున పరికరములకు కొదువ లేదు, చేయి తిరిగిన వైద్యులకును కొదువ లేదు. అడుగవలసిన ప్రశ్న నడుగుటకే కొదువ. మా యూరి మార్కెట్టులో బెల్లపు దిమ్మను కొనవచ్చిన వర్తకుడు రంగు చూచును, గిల్లి చూచును, నోట వేసికొని చూచును. ఏ రకమో తేల్చుకొన్న పిమ్మట గాని వెల పలుకడు. ఇంటి కోడలి గర్భాశయము విషయమున అంతపాటి విచారణయు జరుగదు. అందరును అడుగునది ‘ఎంత పెద్దదట?’ అని మాత్రమే. నిమ్మకాయంతయా, బత్తాయంతయా యను పండ్లయంగడి కొలతలతో సంభాషణ ముగిసిపోవును.

పరిమాణము అప్రధానమని నేననను. కాని బిడ్డను కోరు స్త్రీకి దానికన్న ముందు తెలియవలసినది స్థానము. ఇది కొంచెము వివరింపవలసిన విషయము. ఆడవారి సంగతులని పురుష పాఠకులు పుట త్రిప్పివేయకుందురు గాక.

జనులు గర్భసంచి యని పిలుచు గర్భాశయము బోర్లించిన జామకాయ వంటిది. దాని గోడలు దళసరి కండతో కట్టబడినవి. నడుమ నున్న సన్నని ఖాళీయే బిడ్డ నాటుకొను గది. ఆ గోడకండలోని యొకానొక కణము, స్త్రీదేహమున నూరు హార్మోనుల బలముచే, తక్కినవానికన్న మిక్కిలిగ పెరిగి ముద్దగట్టును. అదియే ఫైబ్రాయిడు. ఇది కాన్సరు కాదు. చూచుటకు ఇట్లే యుండి తుదకు కాన్సరని తేలునది మిక్కిలి యరుదు. బిడ్డలను కను వయసున మఱింత యరుదు. ఇక గడ్డ యుండుట యెంత సామాన్యమో చెప్పెదను. 2003లో అమెరికాలో ప్రచురింపబడిన యొక ప్రసిద్ధ పరిశీలనను బట్టి, ఏబదియేండ్లు వచ్చునప్పటికి నూటికి 70 మంది తెల్లజాతి స్త్రీలలోను, 80 మందికి పైబడిన నల్లజాతి స్త్రీలలోను ఈ గడ్డలు కానవచ్చినవి. వారిలో పెక్కుమంది బిడ్డలను కన్నవారే, తమకు గడ్డ యున్నదని యెఱుగకయే కన్నవారును కలరు. పిల్లలు లేని కారణమున వైద్యుని కడకు వచ్చిన స్త్రీలలో నూటికి 5 మొదలు 10 మందికి గడ్డలుండునందురు. కాని తక్కిన కారణములన్నిటిని పరీక్షించి త్రోసివేయగా గడ్డ యొక్కటే దోషియని మిగులునది నూటికి రెండు మూడు సందర్భములలోనే. గడ్డ కనబడినది గనుక గడ్డయే కారణమనుట, దొంగతనము జరిగిన వీధిలో నిలుచున్నవాడే దొంగ యనుట వంటిది.

ఇప్పుడు స్థానము మాట. గడ్డ మూడు తావుల నుండవచ్చును. గదిలోనికి పొడుచుకొని వచ్చినది యొకటి. గోడ మందములో నిమిడియున్నది యొకటి. గోడకు వెలుపల, పొట్టవైపునకు పెరిగినది యొకటి. ఇంటి పెరటిగోడకు వెలుపల నొక బండరాయి పడియుండిన లోపల ఊయల కట్టుట కడ్డేమి? ఆ బండయే గది నడుమ నుండిన ఊయల కెడమెచ్చట? గదిలో నున్న రెండు సెంటీమీటర్ల గడ్డ చేయు కీడు వెలుపల నున్న యెనిమిది సెంటీమీటర్ల గడ్డ చేయకపోవచ్చును. గది యాకారమును చెఱచు గడ్డ పిండము నాటుకొనుటకు అడ్డుపడును. నాటుకొన్న పిండము జారిపోవుటకును కారణము కాగలదు. దానిని తీసివేసినచో గర్భము నిలుచు అవకాశము మెఱుగగునని చెప్పుటకు ఆధారములున్నవి. వెలుపలి గడ్డ సంతానమునకు అడ్డు కాదనుటకును ఆధారములున్నవి. వివాదమంతయు నడిమి రకమును గుఱించియే. గోడలో నిమిడిన గడ్డ కొంత హాని చేయునని కొన్ని పరిశీలనలు సూచించినవి. కాని దానిని తీసివేసినందువలన మేలు కలుగునని రుజువు కాలేదు. అమెరికా పునరుత్పత్తి వైద్య సంఘము 2017లో చేసిన నిర్ణయము ఇదియే: ఇతర బాధలు లేని స్త్రీకి, గదిని చెఱచని గడ్డను కేవలము సంతానముకొఱకు తీయుమని చెప్పుటకు తగిన సాక్ష్యము లేదు. కాక్రేన్ సంస్థ 2020లో ప్రకటించిన సమీక్షయు, ఇంతవఱకు జరిగిన పరీక్షలు చిన్నవియు కొద్దివియు నగుటచే వానినిబట్టి నిశ్చయము చెప్పజాలమనెను. ప్రపంచమున గొప్ప వైద్యులు ‘నిశ్చయము చెప్పజాలము’ అని తలవంచిన చోట, మన వీధియరుగుల మీది పెద్దలు నిశ్చయముగ పలుకుచుండుట చూడ నాకు వింతగ నున్నది.

‘ఇదియంతయు వైద్యులకు తెలిసిన సంగతియే, ఇంటివారి కెందుకు?’ అని కొందరందురు. ఉదయమున నఱువదిమందిని చూడవలసిన డాక్టరునకు ఇంత చెప్పు తీరిక యెక్కడిదని మఱికొందరందురు. అది యబద్ధము కాదు. కాని తీరిక యక్కఱలేని యుపాయ మొకటి కలదు. ప్రపంచ ప్రసూతి వైద్యుల సమాఖ్య 2011లో ఈ గడ్డలకు స్థానమునుబట్టి 0 మొదలు 8 వఱకు అంకెలు ఏర్పఱచినది. 0, 1, 2 అంకెలవి గదిలోనికి వచ్చినవి. 3 గది లోపొరను తాకునది. 4 గోడలో నిమిడినది. 5, 6, 7 వెలుపలికి పోయినవి. 8 మెడ మొదలగు తావులలో నున్నవి. కాగితముపై నొక యంకె వేయుటకు వైద్యునికి క్షణము పట్టదు. దాని నడుగుటకు స్త్రీకి చదువు పెద్దగ నక్కఱలేదు, కొంచెము ధైర్యము చాలును. సాధారణపు పొట్టమీది స్కానింగులో ఆ యంకె తేలనిచో, లోపలినుండి చేయు స్కానింగు, గదిలోనికి ఉప్పునీరు పంపి చేయు స్కానింగు, సన్నని గొట్టముతో గదిని కన్నులార చూచు హిస్టిరోస్కోపీ యున్నవి. గడ్డలు పెక్కైనచో ఎం.ఆర్.ఐ. యున్నది. యంకె తెలియక మునుపే ఆపరేషనునకు తేదీ పెట్టిన చోట ఆ తేదీని వాయిదా వేయుమని మర్యాదగ నడుగుట అవిధేయత యెంతమాత్రమును కాదు.

ఇక మొదటి పక్షము వారితో మాటాడెదను. ‘ఈనాడు ఆపరేషనులో భయమేమున్నది? ఉన్నదానిని తీసివేసిన పోలేదా?’ అని వారి వాదము. గదిలోని గడ్డ మాటయైనచో వారితో నాకు వివాదము లేదు. దానిని పొట్ట కోయకయే, యోనిమార్గమున గొట్టము పంపి తీయుదురు. తఱుచు ఆనాడే యిల్లు చేరవచ్చును. గోడలోని గడ్డ సంగతి వేఱు. పొట్ట తెఱచియో, లాపరోస్కోపీతోనో గోడను కోసి గడ్డను పెఱికి మరల కుట్టవలెను. రక్తము పోవును. లోపల అవయవములు ఒకదానికొకటి అంటుకొనవచ్చును. ఆ యంటు గర్భనాళముల దగ్గఱ నేర్పడినచో, సంతానమునకై చేసిన ఆపరేషనే సంతానమునకు అడ్డుపడును. కుట్టు మానుటకు మూడు మొదలు ఆఱు నెలలు గర్భము ధరింపరాదందురు. పిమ్మట గర్భము వచ్చినను, గోతి లోతుగ పోయియుండినచో కాన్పు సిజేరియనుగనే జరుగవలసియుండును. నొప్పుల వేళ ఆ మచ్చ చిట్లుట నూటికి ఒకటికన్న తక్కువయే యైనను, చిట్లినచో తల్లిబిడ్డల కిద్దఱకును ప్రాణాపాయము. ఇంత చేసినను కొన్నియేండ్లకు క్రొత్త గడ్డలు రావచ్చును. ముప్పదియేడేండ్ల స్త్రీకి ఆఱు నెలల నిరీక్షణ యనగా నేమో ఆలోచింపుడు. ముప్పదియైదు దాటిన పిమ్మట ప్రతి నెలయు విలువగలదే. ఇరువదియాఱేండ్ల స్త్రీకి గల వ్యవధి ఆమెకు లేదు. అట్లే పొట్ట యుబ్బి, మూత్రము నిలువక, నెలనెల గుడ్డలు తడిసిపోవు రక్తస్రావముతో నీరసించిన స్త్రీ విషయము వేఱు. ఆమెకు సంతానపు లెక్కతో పని లేకుండగనే ఆపరేషను న్యాయము. కావుననే ఒకరి కోడలికి చేసినది మఱియొకరి కోడలికి విధి కాదు.

నేను గడ్డ తీయు శస్త్రమునకు శత్రువును కాను. ఆ శస్త్రము చరిత్రయే చాల గొప్పది. లండను నగరమున విక్టర్ బానీ యను శస్త్రవైద్యుడుండెను (1872-1953). ఆయన భార్యకు యౌవనముననే ఫైబ్రాయిడు కారణముగ గర్భాశయమును తీసివేసిరి. ఆ దంపతులకు సంతానము లేకపోయెను. ఆ కాలమున గడ్డ యనిన గర్భాశయమునే తీసివేయుట మర్యాదగ నుండెను. గడ్డను మాత్రము తీసి గర్భాశయమును నిలుపవలెనని బానీ జీవితమంతయు పాటుపడెను. ఒక్క గర్భాశయమునుండి 225 గడ్డలను తీసి దానిని నిలిపెను. రక్తము పోకుండ పట్టియుంచుటకు ఆయన కల్పించిన పట్టుకారు నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. గర్భాశయమును కాపాడుటకు పుట్టిన శస్త్రమిది. దానిని విచారణ లేక, అంకె యడుగక, బల్ల ఖాళీగ నున్నదని ప్రయోగించుట ఆ శస్త్రమునకే యవమానము.

బానీ వ్యతిరేకించిన యాచారము మన తెలుగుదేశమున చావలేదు. 2015-16 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7 గ నుండిరి. 2019-21 నాటి సర్వేలోను ఈ రెండు తెలుగు రాష్ట్రములు ముందు వరుసనే నిలిచినవి. వీరిలో మూడింట రెండు వంతుల మందికి ఆ ఆపరేషను ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినది. చెఱకు కోత కూలీలు మిక్కిలిగ నుండు మహారాష్ట్రమందలి బీడ్ జిల్లాలో 2019లో విచారణ జరిపినప్పుడు, పరీక్షింపబడిన 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల పైచిలుకు మంది గర్భాశయము లేనివారని తేలెను. మాదియు చెఱకు సీమయే గనుక ఆ వార్త చదివినపుడు మా స్త్రీలు కొందఱు ఉలికిపడిరి. మా పొలములలో నట్టి విచారణ జరిగినదని గాని, అట్టి ఫలితము వచ్చినదని గాని నేననుట లేదు. ఇట్టి యనవసరపు ఆపరేషనులను గుఱించి 2013లో దాఖలైన ప్రజాహిత వ్యాజ్యముపై సుప్రీము కోర్టు 2023 ఏప్రిలు 5న తీర్పు చెప్పి, కేంద్ర ప్రభుత్వము రచించిన నియమములను మూడు నెలలలో నమలు చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది. బిడ్డను కోరు స్త్రీకి ఈ లెక్కలతో పనియేమన్న, చెప్పెదను. గర్భాశయము పని ముగిసిన సంచియను భావము ఊరంతట వ్యాపించియున్న చోట, దానిని నిలుపుకొనగోరు స్త్రీ తన కోరికను నోరు తెఱచి చెప్పనిదే యెవరును ఊహింపరు.

రెండవ పక్షము వారిని వదలివేసితినని యనుకొనవలదు. వారు చేయు హానియు తక్కువ కాదు. గదిలో గడ్డ యుండి, నెలకు పదిదినములు రక్తము పోవుచు, రెండుసారులు గర్భము జారిన స్త్రీని పట్టుకొని ‘కత్తి తగులరాదు’ అని మూడేండ్లు పొడులు మ్రింగించువారున్నారు. ఆంధ్రప్రదేశమున యౌవనవతులలో సగముకన్న నెక్కువమంది రక్తహీనులని సర్వేలు చెప్పుచున్నవి. అట్టి దేహమునుండి నెలనెల నింత రక్తము పోవుచుండగా మిన్నకుండుట శాంతమనిపించుకొనదు. గోడల మీదను, ఆటోల వెనుకను ‘ఆపరేషను లేకుండ గడ్డలు కరిగించబడును’ అని ప్రకటనలు కనబడుచుండును. గడ్డను శాశ్వతముగ కరిగించు మందు నేటివఱకు లేదు. హార్మోనులను అణచి గడ్డను కొంతకాలము కుదించు సూదిమందులున్నవి. వానిని వైద్యులు ఆపరేషనునకు మునుపు వాడుదురు. వానిని వాడు దినములలో గర్భము రాదు. మానివేసిన కొలదినెలలకు గడ్డ మరల పెరుగును. గడ్డకు రక్తము పోవు నాళమును మూసివేయు పద్ధతియు నున్నది గాని, బిడ్డను కోరు స్త్రీకి దానిని సామాన్యముగ సిఫారసు చేయరు. మ్రొక్కులను నేను తప్పుపట్టను. క్రొత్తమావాస్యకు నూకాంబిక జాతరలో కొబ్బరికాయ కొట్టి కడుపు పండవలెనని కోరుకొను తల్లిని పరిహసించు పాటి గుండె నాకు లేదు. గుడికి పోయిన కాలు ఆసుపత్రికి పోరాదని మాత్రము ఆ యమ్మవారు ఎన్నడును చెప్పలేదు.

ఇంతవఱకు గడ్డ మాటయే చెప్పితిని. వాస్తవమునకు గడ్డ యెచ్చట నున్నదని యడుగుటకు మునుపు అడుగవలసినది వేఱొకటి కలదు. దానిని కావలెననియే యిచ్చటికి వాయిదా వేసితిని, లేనిచో మగవారు చదువుట మానివేయుదురని భయము. భర్తకు పరీక్ష జరిగినదా? సంతానము లేని దంపతులలో దాదాపు సగము జంటలలో పురుషుని లోపమును పాలుపంచుకొనుచున్నది. ఆ పరీక్షకు కత్తి యక్కఱలేదు, మత్తుమందక్కఱలేదు, కొద్ది వందల రూపాయలతోడను ఒక్కపూటతోడను ముగియును. అయినను మన యిండ్లలో జరుగు క్రమమేమి? ముందు కోడలికి రక్తపరీక్షలు, పిమ్మట స్కానింగు, గడ్డ కనబడుటతోడనే అందరికిని ఊరట, దోషి దొరికినది గదా, ఆపరేషను, ఆఱు నెలల విశ్రాంతి, సంవత్సరము నిరీక్షణ, అప్పటికిని ఫలము లేనిచో, ఏ యువ వైద్యురాలో మొగమాటము లేక యడుగగా, భర్త కుంటుచు నీలుగుచు పరీక్షకు పోవుట. ఆనాడు తేలిన లోపము ఆమె పొట్టమీది కుట్టును చెఱపగలదా? ఈ క్రమము తలక్రిందైనది. భర్త పరీక్ష మొదట. గర్భనాళములు తెఱచియున్నవో లేవో చూచుట, థైరాయిడు మొదలగునవి పిమ్మట. మన దేశమున గర్భనాళములను మూసివేయు క్షయరోగము అరుదు కాదని మఱువరాదు. వీనియన్నిటి ఫలితములు బల్లమీద నుండగా గడ్డను గుఱించి మాటాడవలెను.

ఈ పత్రికను చదువు పాఠకులు సంస్కారవంతులు. కోడలికి పిల్లలు లేరని కొడుకునకు మఱియొక పెండ్లి చేయు తలంపు వారికి లేదు, ఉన్నను 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము ఒప్పుకొనదు. కాని సంస్కారవంతుల యిండ్లలోనే నేను వినిన వాక్యమొకటి నన్ను బాధించుచున్నది: ‘ఆవిడ కేమి తెలియును, మేమందఱము ఆలోచించి నిర్ణయించితిమి.’ ఈ ‘మేమందఱము’ అను మాటలో ఆమె లేదు. ఆంధ్రదేశమున కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స లెక్కలు చూచినను ఇదియే కథ. 2019-21 నాటి సర్వేలో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆ శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. పురుషులలో నూటికొక్కడును లేడు, అదియు స్త్రీల శస్త్రముకన్న నెంతయో సులభమైనదై యుండియు. బిడ్డలు చాలుననుటకు ఆమె దేహమే, బిడ్డలు కావలెననుటకును ఆమె దేహమే. కోయించుకొనువారు ఒకరును నిర్ణయించువారు మఱియొకరునుగ నుండు నీ యేర్పాటును నవీన వైద్యమని పిలిచినంత మాత్రమున అది నవీనము కాజాలదు.

‘గడ్డ స్థానము, సిజేరియను, మచ్చ చిట్లుట, ఇవన్నియు చెప్పిన ఆడది బెదరిపోవును’ అని సానుభూతితో నొక యభ్యంతరము వచ్చును. కాన్పు గదిలోనికి పోవు స్త్రీ బెదరునని కాన్పు నాపగలమా? తెలిసిన భయము వేఱు, తెలియని భయము వేఱు. తెలిసిన భయముతో నొకామె ‘గోడలోని గడ్డ నాలుగు సెంటీమీటర్లే, నాకు ఇరువదియెనిమిదేండ్లు, ఒక సంవత్సరము అట్లే చూచెదను’ అనవచ్చును. వేఱొకామె ‘నాకు రెండు గర్భములు జారినవి, నిశ్చయము లేకున్నను తీయించుకొందును’ అనవచ్చును. మూడవయామె ‘ఇంత బాధ పడి కనవలసిన పని లేదు, నేను మానుకొందును’ అనవచ్చును. ఈ మూడును సరియైన నిర్ణయములే. గడ్డ నడిమి రకమైన చోట శాస్త్రమే నిశ్చయము చెప్పుట లేదు గనుక, అచ్చట ఆమె మనస్సునకు మించిన ప్రమాణము లేదు. మూడవదానిని విని అత్తగారు కన్నీరు పెట్టుకొనిన ఆ కన్నీటిని నేను గౌరవింతును గాని, దానికి ఓటు హక్కు నీయను.

చట్టమును ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 1995లో ఢిల్లీలో 44 ఏండ్ల యవివాహిత యొకామె అధిక రక్తస్రావముతో వైద్యురాలి కడకు పోయెను. లోపల నేమున్నదో లాపరోస్కోపీతో చూచుటకని సంతకము చేసెను. ఆమె మత్తులో నుండగా సహాయ వైద్యురాలు వెలుపలికి వచ్చి, కూర్చుండియున్న తల్లి చేత సంతకము పెట్టించుకొనెను. గర్భాశయమును అండాశయములును తీసివేయబడెను. ఆ దావా 2008 జనవరి 16న సుప్రీము కోర్టులో ముగిసెను. వయసు వచ్చిన స్త్రీ దేహమునకు తల్లి సమ్మతి చెల్లదనియు, పరీక్షకిచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనియు, అప్పటికప్పుడు ప్రాణాపాయము లేనిచో ఆమె మేల్కొనువఱకు ఆగవలసినదే యనియు న్యాయమూర్తులు చెప్పిరి. పరిహారముగ 25,000 రూపాయలు ఇప్పించిరి; ఆ మొత్తమును గుఱించి నేనేమియు చెప్పను. తల్లి సంతకమే చెల్లనిచోట అత్తగారి మాటయు మామగారి మాటయు చెల్లునా?

కావున ఆపరేషనుకు ఒప్పుకొనిన స్త్రీ యెదుట పెట్టు కాగితమును తెలుగున చదివించుకొనవలెను. ఏ యంకె గల గడ్డలను తీయుదురో, ఏ మార్గమున తీయుదురో అందు వ్రాయించుకొనవలెను. రక్తము ఆగనిచో గర్భాశయమును తీయుటకు సమ్మతి యను పంక్తి అందు ఉండిన, అది యెట్టి పరిస్థితిలోనో, అట్టిది ఎంత యరుదో వైద్యుని చేత చెప్పించుకొని, సంతకము తానే చేయవలెను. భర్త సాక్షి సంతకము చేసిన చాలును. ఆపరేషను ముగిసిన పిమ్మట గోడ యెంత లోతు కోసిరో, గది తెఱచిరో లేదో తెలుపు కాగితము నడిగి పుచ్చుకొనవలెను. రెండేండ్లకో మూడేండ్లకో విశాఖలోనో, పుట్టినింటి వారి యూరిలోనో వేఱొక వైద్యురాలు ఆమెకు కాన్పు చేయవలసి వచ్చినపుడు మొట్టమొదట అడుగునది ఆ కాగితమునే. దానిని ఇంటి యజమాని జమాఖర్చుల సంచిలో కాక ఆమె పెట్టెలో, ఆమె చీరల క్రింద నుంచవలెను.